సంతోషంలో ఫస్టు

"వండినందుకు జీతమిస్తారని విన్నాను, ఊడ్చినందుకు జీతమిస్తారని విన్నాను. పక్కవాళ్ల ఏడుపు వింటూ కూర్చున్నందుకు జీతమివ్వడం మాత్రం నీ దగ్గరే చూశానమ్మాయ్," అన్నారు అత్తగారు, ఉల్లిపాయ ఘాటు తన కళ్లకి తగలకుండా కుర్చీ వెనక్కి జరుపుకుంటూ.

వండినందుకు జీతమిస్తారన్నది ఆవిడ ఏ ఇంట్లో విన్నారో గాని ఈ ఇంట్లో మాత్రం కాదు. కోడలు ఆ మాట అనలేదు, అనుకుంది. అనుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా, అందుకని పెళ్లయిన నాటి నుంచీ ఆవిడ అనుకోవడంలోనే ఆరితేరిపోయింది. ఉల్లిపాయలు తరిగి, పొయ్యి వెలిగించి, టిఫిను డబ్బాలు కడిగి బోర్లించేలోగా అత్తగారు తన మోకాళ్ల సంగతి, ఆడపడుచు కోడలి టెక్కు సంగతి, పక్కింటావిడ తనను చూసి కూడా పలకరించకుండా పోయిన సంగతి, మూడూ మొదటి నుంచి చెప్పుకొచ్చారు. కోడలు ఊ కొట్టింది. ఊ కొట్టడం ఒక్క రవ్వ ఆలస్యమైనా ఆవిడ కథ ఆపేసి "నీకు నా మాటలంటే లెక్కలేదులే" అంటారు. చెప్పేవాడికి వినేవాడు లోకువని పెద్దలు ఊరికే అన్నారా.

ఈ కోడల్ని బళ్లో పిల్లలు కుట్ల మేడమ్ అంటారు. మనమూ అలాగే అందాం. ఒకప్పుడు ఆ బళ్లో కుట్టుపని నేర్పేది. కాజాలు, గుండీలు, అంచు మడత, చిరిగినచోట అతుకు. తర్వాత లెక్కల పీరియడు ఇంకొకటి కావాలని కుట్టుపనిని ఎత్తేశారు. ఈవిణ్ణి ఏం చెయ్యాలో తెలియక కొన్నాళ్లు లైబ్రరీలో దుమ్ము దులిపించారు. ఇంతలో ప్రతి బళ్లోనూ పిల్లల మనసు కనిపెట్టుకునే మనిషి ఒకరు ఉండాలని పైనుంచి ఉత్తరువు వచ్చింది. కొత్త మనిషిని పెడితే కొత్త జీతం ఇవ్వాలి. అందుకని ఈవిణ్ణే ఒక శిక్షణకి పంపి, తిరిగి రాగానే మెట్ల కింద ఆటసామాన్ల గది తలుపుకి "కౌన్సిలర్" అని బోర్డు కొట్టించారు. గాలిపోయిన బంతులు, విరిగిన బ్యాట్లు మాత్రం గదిలోనే ఉండిపోయాయి. గంట కొట్టగానే పిల్లలంతా నెత్తిమీది మెట్లమీంచి దడదడలాడుతూ దిగితే, పైనుంచి సున్నం పొడి రాలి ఈవిడ జడలో పడేది.

భర్తకి ఆ ఉద్యోగం మొదట్లో వేడుకగా ఉండేది. తర్వాత చిరాకైంది. సాయంత్రం ఆయన మొహం మాడ్చుకుని వస్తే "ఏమండీ, అలా ఉన్నారేం?" అని అడగడమే పాపం, "నీ సైకాలజీ నామీద ప్రయోగించకు, బళ్లో పెట్టుకో" అనేవాడు. అడక్కుండా ఊరుకుంటే, "ఊళ్లోవాళ్ల గోడు వినే ఓపికుంటుంది, మొగుడి మొహం చూసే తీరిక మాత్రం ఉండదు" అనేవాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో ఆ కాస్త జాగాలో ఈవిడ వంట చేసేది.

అయితే ఆ మెట్ల కింద గదిలో ఈవిడ ఒక పద్ధతి పెట్టుకుంది. శిక్షణలో నేర్పింది కాదు, కుట్టుపని నుంచి వచ్చింది. అక్కడ నేర్పినట్టు ఎదురుగా కూర్చోబెట్టి కళ్లలోకి చూస్తూ "చెప్పమ్మా, నీ మనసులో ఏముంది?" అంటే ఏ పిల్లైనా బిగుసుకుపోతుంది. ఈవిడ అలా అడిగేది కాదు. పాత యూనిఫాములు బీరువా నిండా పడున్నాయి, వాటిలో ఒకటి పిల్ల ఒళ్లో పడేసి, మొన అరిగిన సూది చేతికిచ్చి, "ఈ కుట్లు విప్పిపెట్టు తల్లీ, డస్టర్లకి గుడ్డ కావాలి" అనేది. తనూ ఒకటి తీసుకుని పక్కన కూర్చునేది. పక్కనే, ఎదురుగా కాదు. చేతులు పనిలో పడ్డాక, చూపు గుడ్డమీద ఉండగా, నోరు దానంతటదే తెరుచుకునేది. దారం పుటుక్కున తెగుతున్నప్పుడు ఎన్ని మాటలు బయటపడేవో! తాగొచ్చే నాన్నలు, పలకని స్నేహితురాళ్లు, మొహంమీద మొటిమలు, మిద్దెమీద ఏడుపులు. ఈవిడ సలహాలు పెద్దగా ఇచ్చేది కాదు. తనకి తెలిసిందే తక్కువని ఆవిడ నమ్మకం. "అలాగా" అనేది. "తర్వాత?" అనేది. ఇంట్లో తనను ఎవరూ అడగని రెండు మాటలు అవే.

ఆ గదికి పదో క్లాసు నుంచి ఒక పిల్ల రావడం మొదలుపెట్టింది. బళ్లో అందరూ ఆ పిల్లని ఫస్టు అంటారు. చిన్న క్లాసు నుంచీ మొదటి ర్యాంకు తప్ప ఎరగదు గనక అదే పేరైపోయింది. "ఒరే, ఫస్టుని పిలవండ్రా", "ఫస్టూ, బోర్డు తుడువమ్మా". ఇంట్లో తండ్రి కూడా అలాగే పిలుస్తాడట. కడుపునొప్పి అని వచ్చి కూర్చునేది, కుట్లు మాత్రం ఎంత శ్రద్ధగా విప్పేదో. దారం పోగు ఒక్కటి కూడా గుడ్డలో మిగిలేది కాదు.

"మేడమ్, నాకు సెకండు ర్యాంకు వస్తే నన్నేమని పిలుస్తారు?" అంది ఒకరోజు.

కుట్ల మేడమ్‌కి నవ్వొచ్చింది. పిల్ల మొహం చూసేసరికి ఆ నవ్వు గొంతులోనే ఆగింది.

"నీ పేరు పెట్టి పిలుస్తాం."

"అది ఎవరికీ గుర్తు లేదు మేడమ్," అంది పిల్ల, దారం లాగుతూ.

ఆ తర్వాత కొన్నాళ్లకి, అదే గొంతుతో, ఎక్కడా తడబడకుండా, పాఠం అప్పజెప్పినట్టే చెప్పింది. "పొద్దున్నే లేవకపోతే బాగుండనిపిస్తోంది మేడమ్. బద్ధకం కాదు. అసలు లేవకపోతే."

కుట్ల మేడమ్ చేతిలో సూది ఆగిపోయింది. పైకి మాత్రం మామూలుగానే, "ఎప్పటి నుంచమ్మా?" అని అడిగింది. వేసవి సెలవుల నుంచట. "ఏమైనా చేసుకోవాలనిపిస్తోందా తల్లీ?" అనీ అడిగింది. అలా అడగాలని శిక్షణలో చెప్పారు, అదొక్కటీ ఆవిడకి గట్టిగా గుర్తుంది. పిల్ల ఆలోచించి, "ఇంకా లేదు మేడమ్" అంది. ఆ "ఇంకా" అన్న మాట విని ఆవిడ చేతిలో గుడ్డ పక్కన పెట్టేసింది. "ఈ ఒక్క మాట నేను దాచకూడదమ్మా, పెద్దవాళ్లకి చెప్పాలి" అంటే పిల్ల అడ్డు చెప్పలేదు. "చెప్పండి మేడమ్. వాళ్లేం వినరులెండి" అంది, జాలిగా.

పిల్ల అన్నట్టే అయింది. తల్లికి ఫోన్ చేస్తే ఆవిడ వింటూ వింటూ ఏడ్చింది, ఏడుస్తూనే గొంతు తగ్గించి, "వాళ్ల నాన్న చెవిన పడనివ్వకండి మేడమ్, మీకు పుణ్యముంటుంది. పిల్లని చదువు నుంచి మళ్లిస్తున్నావని నన్ను నిలువునా చీల్చేస్తారు. డాక్టరు దగ్గరికంటే ఆయన సంతకం లేకుండా ఈ ఇంట్లో చీపురుపుల్ల కూడా కదలదు" అంది. ఆ తల్లిని తప్పుపడదామని చూసింది కుట్ల మేడమ్. మనసొప్పలేదు. తన ఇంట్లో చీపురుపుల్లలు మాత్రం ఎవరి మాటమీద కదులుతున్నాయి గనక!

ప్రిన్సిపాల్ మేడమ్ దగ్గరికి వెళ్లింది. ఆవిడ మంచిదే, కాకపోతే తీరిక లేని మంచితనం.

"మన ఫస్టా? దానికేం లోటండీ! ఈ వయసులో అందరూ ఏవో కబుర్లు చెబుతారు. సరే, చూద్దాం, ఈ సర్వే గండం గట్టెక్కనివ్వండి. యూనివర్సిటీ వాళ్లు వస్తున్నారు. పిల్లలూ టీచర్లూ మనసులో ఎంత కులాసాగా ఉన్నారో లెక్క తీస్తారట. మన బడి ముందు నిలిచిందంటే మీకు మెట్ల కింద నుంచి విముక్తి. కిటికీలున్న గది, పర్మినెంటు ఉద్యోగం. నేను మాటిస్తున్నాను."

యూనివర్సిటీ నుంచి వచ్చింది ఒక చిన్నమ్మాయి. కళ్లజోడు, వీపున సంచి, మెత్తటి మాట. బళ్లలో పిల్లల మనసుల మీద పరిశోధన చేస్తోందట. ముందొకసారి వచ్చి అన్నీ వివరించి వెళ్లింది. కాగితం మీద కొన్ని వాక్యాలుంటాయి, ఒక్కోదానికి ఎదురుగా ఒకటి నుంచి నాలుగు వరకూ అంకె వెయ్యాలి. ఒకటంటే ఎప్పుడూ కాదు, నాలుగంటే ఎప్పుడూ అవును. "ఇందులో తప్పొప్పులు లేవండీ. మనసుకి ఏది తోస్తే అదే" అంది. పోతూపోతూ ఇంకో మాట చెప్పింది. ఎవరి కాగితంలోనైనా దిగులు మరీ లోతుగా కనిపిస్తే, ఆ పిల్లలని వాళ్ల డాక్టరమ్మే నేరుగా కలుస్తుందట. తల్లిదండ్రులతో కూడా యూనివర్సిటీ తరఫున ఆవిడే మాట్లాడుతుందట. యూనివర్సిటీ డాక్టరంటే ఏ తండ్రైనా తగ్గుతాడు.

ఆ మాట వినగానే కుట్ల మేడమ్‌కి చీకట్లో అగ్గిపుల్ల గీసినట్టయింది. తన మాటకి లేని విలువ ఆ కాగితానికి ఉంది. పిల్ల నిజం రాస్తే చాలు. మిగతాది ఆ డాక్టరమ్మ చూసుకుంటుంది.

కానీ ఆ బడికి పరీక్ష తప్ప ఇంకోటి తెలియదు. తెలిసిందల్లా పరీక్షే అయినవాళ్లకి ఏ కాగితం చూపించినా ప్రశ్నపత్రంలాగే కనపడుతుంది. ప్రిన్సిపాల్ మేడమ్ ఆ నమూనా కాగితాన్ని కట్టలు కట్టలు జిరాక్సు తీయించి, సంతోషానికి మోడల్ టెస్టు పెట్టించారు. ఒకసారి కాదు, క్లాసు క్లాసుకీ. దాన్ని నడపాల్సింది ఎవరు? కౌన్సిలరే! కుట్ల మేడమ్ మింగలేక కక్కలేక బోర్డు దగ్గర నిలబడి చెప్పింది. "'నేను ఉత్సాహంగా నిద్ర లేస్తాను', దీనికి నాలుగు. 'నాకు కారణం లేకుండా ఏడుపు వస్తుంది', ఇది తిరగేసి అడిగిన ప్రశ్న. జాగ్రత్త. దీనికి ఒకటి." లెక్కల మాస్టారు గుమ్మంలోంచి తొంగిచూసి, "తిరగేసిన ప్రశ్నల దగ్గరే మార్కులు పోగొట్టుకుంటారు వెధవలు! రెండుసార్లు చదవండి!" అని అరిచి పోయాడు. వెనక బెంచీలోంచి ఒకడు లేచి, "మేడమ్, సంతోషానికి పాస్ మార్కు ఎంత?" అన్నాడు. అందరూ నవ్వారు. ముందు బెంచీలో ఫస్టు మాత్రం నవ్వలేదు, అన్నీ రాసుకుంది.

ఎందుకు చేసిందీ పని? ఎవరైనా అడిగితే చెప్పడానికి ఆవిడ దగ్గర రెండు మూడు సమాధానాలున్నాయి. కాదంటే ఇంకెవరో చేస్తారు. కిటికీలున్న గది వస్తే పిల్లలు ఇంకా ఎక్కువమంది వస్తారు. పర్మినెంటు అయితే ఇంట్లో ఆ ఉద్యోగం గురించి కాస్త మర్యాదగా మాట్లాడతారు. అన్నీ నిజాలే, ఒక్కటీ సరిపోదు. అందుకే సర్వే ముందురోజు పిల్లని గదికి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, "నేను క్లాసులో చెప్పినవన్నీ మర్చిపో. నువ్వు మాత్రం నిజం రాయి తల్లీ. నీకోసం ఒక డాక్టరమ్మ వస్తుంది" అంది.

"నిజం రాస్తే ఒకట్లొస్తాయి మేడమ్," అంది పిల్ల.

"రానీ."

"నాకు తప్పు రాయడం రాదు మేడమ్."

"అది తప్పు కాదమ్మా. నేనే నీ పక్కన కూర్చుంటాను. సరేనా? ధైర్యంగా రాయి."

పిల్ల తలూపింది.

సర్వే రోజున పిల్లలనీ టీచర్లనీ పెద్ద హాల్లో కలిపే కూర్చోబెట్టారు, ఒక్క పీరియడులో అయిపోవాలని. టీచర్లకీ ఒక కాగితం ఇచ్చారు. మొదట్లో పిల్లల కాగితంలో ఉన్న వాక్యాలే. ఆ తర్వాత ఇల్లు, ఉద్యోగం గురించి మరి కొన్ని. పిల్లల కాగితాల మీద హాజరు నంబరుంది, టీచర్లవి మాత్రం పేరూ ఊరూ లేనివి, ఆడా మగా అన్నది ఒక్కటే అడిగారు. కుట్ల మేడమ్ అన్న మాట ప్రకారం ఫస్టు పక్కనే కూర్చుంది. ప్రిన్సిపాల్ మేడమ్ పరీక్ష హాల్లో తిరిగినట్టే వరసల మధ్య చెప్పులు చప్పుడు చేస్తూ తిరుగుతున్నారు.

'నేను ఉత్సాహంగా నిద్ర లేస్తాను.' ఉత్సాహమా! అలారం మోగకముందే కళ్లు తెరుచుకుంటాయి, అలారం మోగితే ఆయన విసుక్కుంటాడని. కళ్లు తెరిచి కాసేపు పైకప్పు కేసి చూస్తూ పడుకోవడం, ఇవాళ్టికి లేవకుండా ఉండే దారేమైనా ఉందా అని వెతుక్కోవడం, లేదని తెలిశాక లేవడం. 'నా ఇంట్లో నా మాటకి విలువ ఉంది.' గోడకి రంగు వేయించేటప్పుడు పసుపు వేయిద్దామంది. "నీకేం తెలుసు" అన్నారు తల్లీకొడుకులు ఒకే గొంతుతో, ఆ ఒక్క విషయంలోనే వాళ్లకి అంత పొందిక. 'నేను చేసే పనికి గుర్తింపు ఉంది.' కూరలో ఉప్పు సరిపోయిన రోజు ఎవరూ ఏమీ అనరు, తక్కువైన రోజు మాత్రం నలుగురికీ చెబుతారు. 'నా బాధ చెప్పుకోవడానికి ఒక మనిషి ఉంది.' కూతురు. పెళ్లయి వెళ్లిన కూతురు ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తుంది. వాళ్లాయన సంగతి, వాళ్లత్త సంగతి, పని సంగతి చెప్పి, గుండె తేలికయ్యాక, "నీకేంటమ్మా, నీకు ఓపికెక్కువ. ఉంటాను మరి" అని పెట్టేస్తుంది. నేను మా అమ్మకి అలాగే చేశాను గదా అనుకుంది కుట్ల మేడమ్. అమ్మ కూడా ఎన్నిసార్లు, పెట్టేసిన ఫోన్ పట్టుకుని అలాగే నిలబడిందో. 'నాకు విశ్రాంతి దొరుకుతుంది.' ఆమధ్య జ్వరం వచ్చి పడుకుంటే భర్త గుమ్మం దగ్గర నిలబడి, "పడుకో, పడుకో. మేం బయటి నుంచి తెప్పించుకుంటాంలే" అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ ఆ "మేం"లో ఆవిడ లేదు. ఆవిడ తిన్నదా లేదా అని సాయంత్రం వరకూ ఎవరూ అడగలేదు.

ప్రతి వాక్యం దగ్గరా కలం ఒకటి మీదికే వంగింది. ప్రతిసారీ చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చింది. చప్పుడు కాదులెండి అసలు సంగతి. ప్రిన్సిపాల్ అక్కడ లేకపోయినా ఆవిడ అదే చేసేది. ఒకటి వేస్తే ఇంటి పరువు తీసుకెళ్లి నలుగురిలో పెట్టినట్టు. ఒకటి వేస్తే ఆయన చెడ్డవాడైనట్టు, ఆయనేం కొట్టడు, తిట్టడు, జీతం తెచ్చి ఇస్తాడు. ఒకటి వేస్తే ఇన్నేళ్లు ఏం చేశావు మరి అని ఆ కాగితమే తిరిగి అడిగినట్టు. ఎవరు పలకరించినా "బాగున్నానండీ" అనే నోరు ఎలా అలవాటు పడిందో చెయ్యీ అలాగే అలవాటు పడిపోయింది. నాలుగు. నాలుగు. తిరగేసిన దానికి ఒకటి. మళ్లీ నాలుగు. పేరైనా లేని కాగితం. అందులో కూడా ఆవిడ నిజం రాయలేకపోయింది.

పక్కన ఫస్టు కలం పట్టుకుని ఏమీ రాయకుండా కూర్చుంది. ధైర్యం కూడగట్టుకుంటోంది పాపం అనుకుని, "రాయి తల్లీ" అని గుసగుసగా అంది కుట్ల మేడమ్. పిల్ల ఒకసారి ఇటు చూసింది. తర్వాత తల వంచి గబగబా రాసేసింది.

మధ్యాహ్నానికల్లా ఆ పరిశోధన అమ్మాయి కాగితాలన్నీ యంత్రంలో పెట్టి లెక్క తేల్చింది. ప్రిన్సిపాల్ మేడమ్ ఆపుకోలేక అందరినీ మళ్లీ హాలుకి పిలిచి మైకులో చెప్పేశారు. తిరిగిన బళ్లన్నిటిలో మన బడే ముందట. అందులోనూ ఒక్క తప్పు లేకుండా నిండు మార్కులు తెచ్చుకున్న పిల్ల ఒక్కతేనట. "చదువులోనే కాదు, సంతోషంలో కూడా మన ఫస్టే ఫస్టు!" హాలంతా చప్పట్లు. పిల్ల లేచి నిలబడి, నేర్పినట్టే నవ్వి, కూర్చుంది.

కుట్ల మేడమ్ చప్పట్లు ఆగేదాకా కూడా ఉండలేదు. స్టాఫ్ రూములో కాగితాలు సర్దుకుంటున్న ఆ అమ్మాయి దగ్గరికి పరుగున వెళ్లింది.

"అమ్మా, ఆ పిల్ల రాసింది నిజం కాదు. ఆ పిల్లకి మీ డాక్టరమ్మ కావాలి. నోటితో నాకు చెప్పింది."

ఆ అమ్మాయి మంచిదే. కళ్లజోడు తీసి తుడుచుకుంది. "మేడమ్, గీత కిందకి వచ్చిన పిల్లలనే డాక్టరుగారు నేరుగా చూస్తారు. ఈ పిల్లది అందరికంటే పైన ఉంది. పైన ఉన్న పిల్లని పిలవాలంటే నాకు అధికారం లేదండీ, బడి ద్వారా, తండ్రి సంతకంతో రావాలి. ఇక్కడ కౌన్సిలర్ మీరే కదా?"

ఆవిడే. చుట్టూ తిరిగి బంతి ఆవిడ కాళ్ల దగ్గరికే వచ్చింది.

"మీ స్టాఫ్‌వి కూడా చూశాను మేడమ్," అంది ఆ అమ్మాయి, ఆవిణ్ణి కాస్త తేలిక పరుద్దామని. "ఇంత సంతోషంగా ఉన్న ఆడవాళ్లని నేనెక్కడా చూడలేదు." బల్లమీద టీచర్ల కాగితాల దొంతర ఉంది. కుట్ల మేడమ్ తనది వెతికి చింపేద్దామనే చెయ్యి పెట్టింది. తిరగేసింది, మళ్లీ తిరగేసింది. నాలుగు, నాలుగు, ఒకటి, నాలుగు. మగవాళ్లవి అక్కడక్కడా మూడు, రెండు ఉన్నాయి. ఆడవాళ్లవి మాత్రం ఒకటే అచ్చు. మొన్ననే మొగుణ్ణి పోగొట్టుకున్న సైన్సు టీచరుది ఏదో, ఇద్దరు పసివాళ్లని అత్తగారింట వదిలి వచ్చే చిన్న టీచరుది ఏదో, తనది ఏదో పోల్చుకోవడం ఆవిడ వల్ల కాలేదు.

మెట్ల కింద గదికి వచ్చేసరికి పిల్ల అప్పటికే కూర్చుని ఉంది. ఒళ్లో యూనిఫాం లేదు, చేతులు ఖాళీగా ఉన్నాయి.

"ఎందుకలా రాశావు తల్లీ? నిజం రాయమన్నాను కదా?"

"రాద్దామనే అనుకున్నాను మేడమ్. మీరు రాస్తే చూసి, అప్పుడు రాద్దామని ఆగాను." పిల్ల తల దించుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. "నేను ఎప్పుడూ ఎవరిదీ చూసి రాయలేదు మేడమ్. మొదటిసారి కాపీ కొట్టాను. మీదే."

 కుట్ల మేడమ్ గిర్రున వెనక్కి తిరిగి, సున్నం రాలిన తల దులుపుకోకుండానే ప్రిన్సిపాల్ గదికి వెళ్లింది.

"హాల్లో కాపీ జరిగిందండీ. నేనే చూపించాను. ఆ పిల్ల నన్ను చూసి రాసింది. ఆ కాగితం రద్దు చేసి మళ్లీ రాయించండి."

ఇన్నాళ్లూ మోడల్ టెస్టులు పెట్టించిన ప్రిన్సిపాల్ మేడమ్ మనసారా నవ్వారు. "భలేవారండీ! ఇదేమైనా పరీక్షా, కాపీ కొట్టడానికి? తప్పొప్పులు లేవని ఆ అమ్మాయే చెప్పింది కదా. వెళ్లండి, వెళ్లి మీ కొత్త గది చూసుకోండి. రెండు కిటికీలు."

తిరిగి వచ్చింది. పిల్ల ఇంకా అక్కడే ఉంది, తండ్రి బండి కోసం ఎదురుచూస్తూ. మోడల్ టెస్టుకి తీయించిన ఖాళీ కాగితాలు బల్లమీద ఇంకా మిగిలి ఉన్నాయి. కుట్ల మేడమ్ ఒకటి లాక్కుని, పిల్ల పక్కన కూర్చుని, మొదటి వాక్యం ఎదురుగా ఒకటి వేసింది. కాగితం పిల్లవైపు జరిపింది.

పిల్ల చూసింది. ఆ ఒకటి మీద వేలు పెట్టింది.

"మీకు కూడానా మేడమ్?"

"నాకు కూడా."

గేటు దగ్గర హారన్ మోగింది. పిల్ల సంచి తగిలించుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగి, ఇంట్లో పెద్ద ముత్తవ్వ చిన్నపిల్లకి చెప్పినట్టు, "దాచెయ్యండి మేడమ్. మార్కులు పోతాయి" అంది. వెళ్లిపోయింది. హారన్ మళ్లీ మోగింది, అప్పటికే పిల్ల పరుగెడుతోంది.

కుట్ల మేడమ్ దాచలేదు. తలుపు తెరిచే ఉంచి, మెట్లెక్కి దిగేవాళ్లు చూస్తే చూడనీ అని, మిగతా వాక్యాలన్నిటికీ అంకెలు వేసింది. అడుగున చోటు లేకపోయినా అంచులో తన పేరు రాసింది. దీనివల్ల ఆ పిల్లకి ఒరిగేదేమీ లేదని ఆవిడకి తెలుసు. ఆ కాగితం ఎవరి లెక్కలోకీ రాదు. రేపు మళ్లీ ఆ తల్లికి ఫోన్ చెయ్యాలి, ఆవిడ మళ్లీ గొంతు తగ్గించి అదే మాట అంటుంది. పిల్ల రేపు పొద్దున్న లేవాలి. ఎల్లుండి కూడా లేవాలి. అంతకుమించి కోరుకోవడానికి కూడా ఆవిడకి దారి కనపడలేదు.

కాగితం మడవకుండా, సంచిలో పెట్టకుండా, చేత్తోనే పట్టుకుని ఇంటికి నడిచింది. భోజనాల దగ్గర భర్తా, అత్తగారూ ఇద్దరూ ఉంటారు. ఏమిటది అని అడిగితే మొదటి నుంచి చదివి వినిపిద్దామనుకుంది. అడగరని తెలుసు. అడగకపోయినా చదవాలనుకుంది.